రెండు లింగంపల్లుల మధ్య

ఆదివారం ఉదయం చిక్కడపల్లిలోని మా ఇంట్లో ఉప్మాకు తాలింపు వేస్తుండగా ఫోను మోగింది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగానికి చదువుతున్న మా చెల్లెలి బిడ్డ స్వప్న.

"పెద్దమ్మా, ఇయ్యాల్టి నా పరీక్ష సెంటరు బాగ్ లింగంపల్లి కాదంట! అవతలి లింగంపల్లంట!" అని ఒకటే ఏడుపు.

రెండేళ్లుగా రీడింగ్ రూము, మెస్సు తప్ప ఆ పిల్ల హైదరాబాదు చూస్తేగా! లింగంపల్లి అంటే హాస్టలు పక్కదే అనుకుని ధీమాగా పోయింది. అసలు లింగంపల్లి నగరానికి ఆ చివర. పదింటికి గేటు మూసేస్తారు. వయసు లెక్కన దానికిదే ఆఖరి అవకాశం. టైము ఏడున్నర దాటింది. పొయ్యి ఆర్పేసి, ఆటోలో దాన్ని ఎక్కించుకుని విద్యానగర్ స్టేషన్‌కు పరిగెత్తాను. ఎంఎంటీఎస్ రైలే దిక్కు.

ప్లాట్‌ఫారం మీద ఇసుక వేస్తే రాలనంత జనం, అందరూ పరీక్షలవాళ్లే. రైలొచ్చింది గానీ, దారి మధ్యలో బేగంపేటలో దిగేవాళ్లు తలుపుల దగ్గరే అతుక్కుపోయారు. లోపల ఖాళీ ఉన్నా మాకు కాలు మోపే సందు లేదు. రైలు వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. "జర చూడమ్మా, పిల్ల చదువంత గంగల కలుస్తది!" అని అక్కడున్న మహిళా కానిస్టేబుల్ మీద అరిచాను.

ఆమె విసుక్కోలేదు. విజిల్ ఊది అందరినీ వెనక్కి జరిపింది.

"ఇనుండ్రి! లింగంపల్లోళ్లు ముందు ఎక్కి లోపటికి పోవాలె. బేగంపేటోళ్లు ఆఖర్ల ఎక్కి దర్వాజ కాడ నిలబడుండ్రి. సమజైందా?"

అరగంటకు వచ్చిన రైల్లో అలాగే ఎక్కించింది. అందరూ పట్టారు! మాతోపాటు ఒక పెద్దాయన కూడా లోపలికొచ్చి పడ్డాడు.

"అయ్యో, నాది బాగ్ లింగంపల్లి! మనుమని ఎక్కించనీకి వచ్చిన. లింగంపల్లోళ్లంటే నన్నే పిలిచిందనుకున్న!" అని లబోదిబోమన్నాడు.

ఏడుపు మొహంతోనే స్వప్న పక్కున నవ్వింది. బోగీ అంతా నవ్వింది. తలుపు దగ్గరి కుర్రాళ్లు తర్వాతి స్టేషన్లో ఆయన్ను జాగ్రత్తగా దించారు.

లింగంపల్లిలో దిగి మళ్లీ ఆటో. మేం చేరేసరికి గేటు సగం మూశారు. స్వప్న నావైపైనా చూడకుండా ఆ సందులోంచి లోపలికి దూరిపోయింది. సంతోషం ఆగక నడిరోడ్డు మీద చప్పట్లు కొట్టాను. చూసినవాళ్లు ఏమనుకుంటే నాకేం! తర్వాత బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని, చెట్టు నీడన కూర్చున్నాను.

మధ్యాహ్నం ఇద్దరం విద్యానగర్‌లో దిగేసరికి రెండో పూట పరీక్షలవాళ్లతో ప్లాట్‌ఫారం మళ్లీ నిండిపోయింది. గొంతు బొంగురుపోయిన ఆ కానిస్టేబుల్ మమ్మల్ని ఇట్టే గుర్తుపట్టింది.

"చెల్లె, టైముకు పోయినవా? రాసినవా?"

"పోయినక్కా! మంచిగ రాసిన!"

పట్టరాని సంతోషంతో ఆమె గట్టిగా విజిల్ ఊదింది. రైలొస్తోందనుకుని ప్లాట్‌ఫారం మీది జనమంతా ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు.