వెనక్కి తిరగొద్దన్న బావ

మొన్న వేసవిలో కొల్లాపూర్ దగ్గర కృష్ణలో మా అక్క మొగుడితో కలిసి ఇద్దరు కూర్చునే కయాక్ పడవ ఎక్కాను. నాకు ఈత రాదు. బావ నన్ను ముందు కూర్చోబెట్టి, వీపు ఆనే సీటు పట్టీ బిగించి, మోకాళ్లు కొంచెం వంచి పాదాలు ముందున్న ఆసరాకు ఆనించాడు.

"నడుము సీదా పెట్టు బామ్మర్దీ. గిట్ల కూసుంటే అలుపే రాదు. ఎనుకకు మాత్రం తిరగకు, బోల్తా పడ్తం."

నది మధ్యలో గాలి లేచింది. అలలు ఒళ్లోకొచ్చాయి.

"జోర్సే ఎయ్యి, నేను గూడ ఏస్తున్న!" అని వెనకనుంచి అరుపు.

ప్రాణభయంతో తెడ్డు వేసి, ఒడ్డు చేరాక తిరిగి చూశాను. నేను దేవుడిలా నమ్మిన బావ కాళ్లు చాపుకుని మొక్కజొన్న కంకి తింటున్నాడు. తెడ్డు ఆయన పక్కన హాయిగా పడుకుంది.

"మస్తు ఏస్తున్నవ్ రా, ఆపబుద్ధి గాలే" అన్నాడు.

అలా కూర్చుంటే అలుపు రాదన్నది నిజమే. బావకు రాలేదు.