ఆయన 'స', ఆమె 'ని'

నాకు పగ పట్టడం బాగా వచ్చు. రెండో తరగతిలో నా పెన్సిల్ విరిచిన పిల్లతో పదో తరగతి దాకా మాట్లాడలేదు. అలాంటిది ఈ స్వరకర్తను తేలిగ్గా వదులుతానా?

మాది ఐటీ ఉద్యోగుల ఆర్కెస్ట్రా. శనివారాలు నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సాధన. "సినిమా పాటలు ఎప్పుడు షురూ చేస్తరు మేడం?" అని వాచ్‌మన్ ప్రతి వారం అడిగేవాడు. మా దగ్గర పాటలుండవు. ఎవరో ఒక స్వరకర్త కొత్తగా రాసుకొస్తే, దాన్ని మొదటిసారి జనానికి వినిపించేది మేము. నేను వయొలిన్. పగలు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం.

ఆ ఏడాది వచ్చినాయనది రాజమండ్రి. తన రచనలో వేణువు కావాలన్నాడు. గోపన్‌పల్లిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మను నేనే తీసుకొచ్చాను. ఆమెకు సరిగమల్లో రాస్తేనే చదవడం వచ్చు. ఆయనేమో కీబోర్డు మీద పెరిగినవాడు, 'స' ఎక్కడైనా ఒకటి శ్రుతే అనుకుని రాసేవాడు. ఆమెది అంతకన్నా ఒక మెట్టు పైన పలికే రెండు శ్రుతి వేణువు. వేణువు మారితే 'స' కూడా మారుతుందన్న సంగతి ఆయన బుర్రకెక్కలేదు. ఆయన 'స' ఆమె వేణువు మీద 'ని' అవుతుంది. అందుకని ప్రతి పేజీనీ ఒక్కో మెట్టు దించి, తిరగరాసి ఆమెకిచ్చేదాన్ని. మూడు నెలలు అదే పని. ఒకసారి చెప్పబోతే "అవన్నీ మీరు చూసుకోండి" అన్నాడు.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు కార్యక్రమ పత్రం అచ్చయి వచ్చింది. టీలు పంపినాయనకు కూడా కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు వయొలిన్ల వరుసలో తప్ప ఎక్కడా లేదు. అడిగాను.

"మీరు చేసింది కాపీ రాయడమే కదండీ. జిరాక్స్ మిషన్‌కి కూడా పేరు వేస్తామా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ప్రదర్శన రోజు పొద్దున ఆయన ముగింపు మార్చేశాడు. కొత్త చివరి పేజీలో వేణువుదే రాజ్యం, కింద మేం మెల్లగా వాయించాలి. "అమ్మగారికి అందించండి" అని వాట్సాప్‌లో పంపాడు. సాధనకు టైము లేదు. కూర్చుని, నా చేత్తోనే, ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తిరాశాను. మిషన్ చేసే పని మిషన్ చేసింది.

"సరిగ్గ చూసినవా బిడ్డా?" అని అడిగింది టీచరమ్మ.

"చూసిన టీచరమ్మా."

ఈ కొత్త సంగీతంలో ఏది తప్పో ఏది ఒప్పో ఆమెకు మొదట్నుంచీ తెలిసేది కాదు. కాగితాన్నే నమ్మేది. సాయంత్రం గచ్చిబౌలి ఆడిటోరియంలో ఆ పేజీ వచ్చేసరికి మేం ఒక దారి, వేణువు ఒక దారి. ముందు వరుసలో ఒకాయన చెవి గోక్కున్నాడు. మా ముందు నిలబడి చేతులూపుతున్న స్వరకర్తకు చెమటలు కారిపోతున్నాయి. కమాను లాగుతూనే ఆ మొహాన్ని కరువుతీరా చూశాను. అబద్ధమెందుకు, అంత హాయి నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

చప్పట్లు పలచగా పడ్డాయి. తెర వెనక టీచరమ్మ వేణువును గుడ్డలో చుట్టుకుంది.

"తప్పు నాదే సారూ. చెవి పోయినట్టుంది నాది," అంది ఆయనతో.

"పర్లేదమ్మా, పెద్దవారు. జరుగుతుంటాయండి," అని ఆయన అందరి ముందూ ఆమెను క్షమించాడు.

ఆయన తప్పు చెప్పాలంటే, అది తప్పని తెలిసే ఇచ్చానని కూడా చెప్పాలి. టీచరమ్మ నావైపు తిరిగింది.

"నువ్వు చూసినవ్ గద బిడ్డా. కాగితంల తప్పుంటదా?"

"ఉండదు," అన్నాను.

ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా. టీచరమ్మ మళ్లీ సాధనకు రాలేదు. వేణువు మనవరాలికి ఇచ్చేసిందట. మొన్న ఫోన్ చేస్తే, దవాఖానకు పోయి చెవులు చూపించుకున్నానంది.

"ఏం లేదంటున్నరు. మంచిగనే వినిపిస్తున్నయట. ఆ డాక్టర్‌కేం తెలుసు బిడ్డా," అంది.