పదిహేనేళ్ళు కదపకూడని డబ్బు

ఆ రోజుల్లో ఫిబ్రవరి వచ్చిందంటే మా ఆఫీసులో ఎవరికీ పని మీద ధ్యాస ఉండేది కాదు. దాచిన డబ్బుకు రసీదులు చూపించకపోతే మార్చి జీతంలో పన్ను కోసేస్తామని కబురు రాగానే క్యాంటీన్లో గుంపులు కట్టేవాళ్ళం. పంజాగుట్టలో మా ఆఫీసు మేడ మెట్ల దగ్గర బీమా ఏజెంట్లు కాపు కాసేవారు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉద్యోగం కొట్టి, జీతం చూసుకుని మురిసిపోతున్న మనిషిని నేను. అందులోంచి రూపాయి కోసినా ప్రాణం విలవిల్లాడేది.

ఏజెంట్లెవరినీ నమ్మలేదు. రెండు రోజులు ఎక్సెల్ షీట్లో లెక్కలు వేసి పీపీఎఫ్ ఖాతా ఎంచుకున్నాను. వేసిన సొమ్ముకు మినహాయింపు, వచ్చే వడ్డీకీ పన్ను లేదు. పదిహేనేళ్ళు కదపకూడదన్న షరతు ఉంది గానీ, అది నాకు క్రమశిక్షణలా కనిపించింది. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

చేతిలో ఉన్నది అరవై వేలు. దాని మీద మా ఆవిడ అప్పటికే ఆశ పెట్టుకుని ఉంది. మధురానగర్‌లో మేమున్న రెండో అంతస్తు వాటాలో ఆమె హాస్టల్ అమ్మాయిలకు జాకెట్లు, చుడీదార్లు కుట్టేది. ఆదివారం వస్తే ఆ పిల్లలు మెట్ల పొడవునా నిలబడేవారు, ఇంటివాళ్ళు విసుక్కునేవారు. హాస్టల్ ఎదురుగా ఒక మల్గి ఖాళీ అయింది. వీధిలోకి షట్టర్ తెరుచుకునే చిన్న షాపు గది. అడ్వాన్సు అరవై వేలు, ఏప్రిల్ ఒకటిన ఇస్తామని మా ఆవిడ ఆ మల్గి ఉన్న ఇంటామెకు మాటిచ్చింది. మిషను ఏ మూల పెట్టాలో, గోడకు ఏ రంగు వేయించాలో నాకు రోజూ చెప్పేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి.

రసీదుల గడువు చివరి రోజున బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో గుమాస్తా నా ఫారం చూసి తలెత్తాడు.

"మొత్తం గిండ్లనే ఏస్తవా అన్నా? జర ఆలోచించుకో. నడిమిట్ల తీసుకుంటనంటే రావు గీ పైసలు."

"ఫర్వాలేదండీ, వచ్చే నెల బోనస్ వస్తుంది."

"నీ ఇష్టం మరి" అని ముద్ర వేశాడు. నామినీ గడిలో మా ఆవిడ పేరు రాశాను. ఆమెకు మేలు చేస్తున్నానని ఆ క్షణాన నిజంగానే అనుకున్నాను.

ఇంట్లో రెండు వారాలు నోరు మెదపలేదు. ఏప్రిల్ ఒకటిన మా ఆవిడ మెడలో కొలతల టేపుతోనే వచ్చి, "ఏవండీ, అడ్వాన్సు ఇచ్చేసి వద్దామా?" అంది. అప్పుడు చెప్పాను. పద్దెనిమిది వేలు పన్ను మిగిలిందన్నాను. "వడ్డీకి కూడా పన్ను లేదు, తెలుసా?" అన్నాను. బోనస్ రాగానే అడ్వాన్సు కట్టేద్దామన్నాను. ఆమె టేపు తీసి చుట్ట చుట్టి పక్కన పెట్టింది.

ఇద్దరం వెళ్ళి గడువు అడిగాం. ఇంటామె నా వైపు చూడనే లేదు. "నెల దాంక ఎట్ల ఆగుతనమ్మా? జిరాక్సాయన పైసలు పట్టుకొని తిరుగుతుండు. నీ కోసమే మస్తు రోజులు ఆపిన" అంది మా ఆవిడతో. తిరిగొచ్చాక ఆమె సగంలో వదిలేసిన జాకెట్టు చెయ్యి కుట్టడానికి కూర్చుంది. అరిచినా బాగుండేది. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు చాలక కోపం కూడా వచ్చింది.

బోనస్ వచ్చింది. అప్పటికే ఆ గదిలో జిరాక్స్ మిషన్లు తిరుగుతున్నాయి, కోర్సుల పిల్లలు వరసలో నిలబడి రెజ్యూమెలు తీయించుకుంటున్నారు. కంపెనీలు పెరిగాయి, హాస్టళ్ళు పెరిగాయి, వాటితో పాటు అడ్వాన్సులూ లక్షల్లోకి పోయాయి. ఏడో ఏట ఖాతాలోంచి కొంత తీసుకోవచ్చని మా ఆవిడే ఎక్కడో విని చెప్పింది. వడ్డీ పోతుందని నేను ఒప్పుకోలేదు. పైగా ఏటా ఏప్రిల్ అయిదో తారీఖు దాటకుండా డబ్బు కట్టేవాణ్ణి, దాటితే ఆ నెల వడ్డీ రాదని. ఆమె మా వాటాలోని వెనక గదిలో, ట్యూబ్‌లైటు కింద కుడుతూనే ఉంది.

పదిహేనేళ్ళూ నిండాక ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. కొత్త గుమాస్తా రెండు ఫారాలు ముందు పెట్టాడు. ఒకటి డబ్బు తీసుకోవడానికి, రెండోది ఇంకో అయిదేళ్ళు పొడిగించడానికి.

"తీసేసుకుందాం. మల్గి చూద్దాం నీకు" అన్నాను.

"ఇప్పుడెందుకండీ? సూదిలో దారం మీరు ఎక్కించి ఇస్తే గానీ గుండీ కూడా కుట్టలేకపోతున్నాను."

రెండో ఫారం నా ముందుకు జరిపింది.

"ఉండనివ్వండి. వడ్డీకి కూడా పన్ను లేదుగా."

ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అంది. నేను సంతకం పెట్టాను.