ప్లూటో గొడవా, నాన్న చెప్పులూ

మా నాన్నా మావయ్యా మాటలు మానుకున్నది పొలం గట్టు దగ్గర కాదు, ప్లూటో దగ్గర. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వండి, నాకేం!

నాన్న నరసన్నపేటలో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, హైవే మీద ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. ఒకరోజు నాన్న కాగితం మీద నెప్ట్యూన్ దారీ ప్లూటో దారీ గీసి, రెండూ ఒకదాన్నొకటి దాటినా ఎప్పటికీ గుద్దుకోవన్నారు. అది మూడు చుట్లు తిరిగేసరికి ఇది రెండే తిరుగుతుందట. ఇది దాటే వేళకి అది ఎక్కడో దూరాన ఉంటుందట. పైగా ప్లూటో దారి వాలుగా, ఫ్లైఓవర్‌లా పైనుంచి పోతుందట.

మావయ్య ఒప్పుకుంటేగా! "రోడ్డుని రోడ్డు దాటిన కాడ ఎప్పుడో ఒకప్పుడు గుద్దీడం కాయం బావా. నాకు సెప్తావేటి?"

"మరి నీ లారీ బోల్తా కొట్టిన కాడ ఏ రోడ్డు దాటిందిరా?" అన్నారు నాన్న.

అంతే. మాటల్లేవు.

చావొచ్చింది అమ్మకి. దీపావళి అయిన రెండో రోజు తమ్ముడికి తన చేత్తో అన్నం పెట్టాలి కదా. మావయ్య ముందు అక్కకి ఫోన్ చేసేవాడు. "అప్పా, బావ ఎల్లిపోనాడా?" నాన్న సంచి పట్టుకుని బజారుకి పోయాక వచ్చి, తిని, ఆయన రాకముందే జారుకునేవాడు. గుద్దుకోవన్న నాన్న మాటని ఇద్దరూ కలిసి నిలబెట్టారనుకోండి. ఇద్దర్నీ ఒకే బంతిలో చూడాలని అమ్మ ఏడ్చేది.

మూడో ఏడాది ఫోన్ మోగింది. "ఎల్లిపోనారు, రా" అంది అమ్మ.

నాన్న ఇంకా ఇంట్లోనే ఉన్నారు. "నా సెప్పులేటైపోనాయే?" అని ఎగిరిపడుతున్నారు. అవి వాషింగ్ మెషిన్‌లో ఉన్నాయి. వేసింది నేనే.

విసుగెత్తి ఒట్టికాళ్లతో బయటికొచ్చిన నాన్నకి, గేటు తీస్తున్న మావయ్య ఎదురుపడ్డాడు. మావయ్య ఎగాదిగా చూశాడు.

"సూసావా బావా? గుద్దుకున్నాయి కదేటి!"

సర్వీసంతా తప్పు జవాబుకి అర మార్కు కూడా వెయ్యని మనిషి మా నాన్న. నాకు భయమేసింది. గుమ్మంలో అమ్మ రెండు విస్తరాకులు పట్టుకుని నిలబడింది. నాన్న వాటికేసి చూశారు.

"ఔన్రా, గుద్దుకున్నాయి. రా, కాళ్లు కడుక్కో."