యాక్సిలరేటర్ తొక్కితేనే వణుకు

స్పీడు అరవై దాటాక యాక్సిలరేటర్ తొక్కితే చాలు, కారంతా వణికేది. కాలు తీస్తే వణుకు ఆగిపోయేది. ఈ రెండు ముక్కలు వినడానికి మా ఇంట్లో ఒక్కరికీ చెవులు లేవు.

నా జీతంతో కొన్న కారు అది. వ్యాసర్పాడి నుంచి శ్రీపెరుంబుదూరు దగ్గరి ఫ్యాక్టరీకి అందులోనే వెళ్ళేదాన్ని. కారు లేకపోతే ఆ ఉద్యోగం మానుకోవాల్సిందే. మా ఆయన అన్నగారికి అది మొదటినుంచీ కంట్లో నలుసు. "ఆడోళ్ళు నడిపితే బండి ఇట్లే అయితాది. తాళం నాకిచ్చెయ్యమ్మా" అని రోజూ అదే పాట. మా అత్తగారు దిష్టి తీసి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. మర్నాడూ వణికింది.

చూలై పేటలో బావగారికి తెలిసిన షెడ్డుకు తీసుకెళ్ళాం. మెకానిక్ నన్ను బెంచీ మీద కూర్చోమని, బావగారిని పక్కన ఎక్కించుకుని సందులో ఒక చుట్టు తిరిగొచ్చాడు. సైకిళ్ళే ఇరుక్కునే ఆ సందులో అరవై ఎక్కడ వస్తుంది? "బండిలో ఏం లేదు సార్. అమ్మ క్లచ్ మీద కాలు పెట్టుకోని నడపతా ఉంటాది" అన్నాడు. చక్రాలకు బ్యాలెన్సింగ్ చేసి పంపాడు. వణుకు తగ్గలేదు. రెండోసారి వెళితే అదే సందు, అదే చుట్టు, అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇద్దరూ ఎక్కండి!" అని అరిచాను.

బైపాస్ ఎక్కించి, అరవై దాటించి తొక్కాను. బావగారి కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. కాలు తీశాను, ఆగింది. మళ్ళీ తొక్కాను. "చాలమ్మా, చాలు" అన్నాడు మెకానిక్.

"చూడవయ్యా, నా కాలు క్లచ్ మీదుందా?" అన్నాను.

షెడ్డులో బండి పైకెత్తితే అప్పుడు బయటపడింది. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు తొడుగు చినిగి, గ్రీజు కారిపోయి, వాననీళ్ళూ ఇసుకా చేరి లోపలి జాయింటు అరిగిపోయింది. ఆ సంగతంతా మెకానిక్ బావగారి మొహం చూస్తూ చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కొత్తది బిగించాక వణుకు పోయింది.

తాళం కూడా బావగారికే ఇచ్చాడు. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, "ఇంక బండి బాగుండాది కదా. రేపట్నించి నేను తీసకపోతా. నువ్వు బస్సులో పో" అన్నారు.

అందరూ చూస్తుండగానే ఆ జేబులో చెయ్యి పెట్టి తాళం లాక్కున్నాను. ఆయన తలుపు తీసేలోపే బండి కదిలించాను. చూలై నుంచి వ్యాసర్పాడికి బస్సులు బోలెడున్నాయి.