టార్చి వెలుతురులో గ్రహాంతరవాసులు

సినిమా హాల్లో టార్చితో సీట్లు చూపించే ఆయన ఏ సినిమానీ మొదటినుంచి చివరిదాకా చూసి ఎరగడు. ఆలస్యంగా వచ్చినవాళ్ల కాళ్ల ముందు వెలుగు వేస్తూ వెళ్లేటప్పుడో ముక్క, తిరిగొచ్చేటప్పుడో ముక్క కంటపడతాయి. మధ్యలోది తనే అల్లుకుంటాడు. అన్నాలయ్యాక ఇంట్లోవాళ్లకి ఆ కథ చెబుతుంటే, ఆయన బొటనవేలు గాల్లోనే టార్చి మీట నొక్కుతూ ఉంటుంది. ఈ వారం కథ, వేల ఏళ్లనాటి గ్రహాంతరవాసులదీ, వాళ్లు దాచిన నిధికోసం తిరిగే వేటగాళ్లదీ. ఆయన కథలో ఆ నిధికి కాపలా ఓ గ్రహాంతర ముసలమ్మ. దోచుకోవడానికొచ్చిన వాళ్లని కూర్చోబెట్టి కాళ్లు ఒత్తమంటుంది. అక్కడిదాకా చెప్పి, ఆవలించి పడుకున్నాడు. ఇంట్లోనే ఉండి కథ వింటున్న ఆయన అత్తగారికి ఆగబుద్ధి కాలేదు. మోకాళ్ల నొప్పులతోనే మర్నాడు మ్యాట్నీకి వచ్చి కూర్చుంది. తెరమీద వేటగాళ్లు సినిమా అంతా ఇసుక తవ్వారు. ముసలమ్మ జాడే లేదు. జనం విసుక్కుంటూ బయటికొస్తుంటే ఆయన తలుపు వెనక్కి నక్కాడు. ఆవిడ వెతికి పట్టుకుంది.

“అల్లుడుగారూ, మీరు చెప్పిన సినిమా ఏ హాల్లో ఆడుతోంది?”

ఆయన టార్చి వెలుగు తన చెప్పుల మీదే వేసుకుని, “మనింట్లోనండీ, అన్నాలయ్యాక,” అన్నాడు.

“అయితే పెందరాళే రండి. వాళ్లు ముసలమ్మకి కాళ్లు ఒత్తారో లేదో తేలకపోతే నాకు నిద్ర పట్టదు.”