ఏసీలో మిరప ఘాటు

ప్రత్తిపాడు బుల్లయ్యకు రెండెకరాల మిరప, ఒక పాత చిన్న ఎస్‌యూవీ ఉన్నాయి. సుబ్బరావమ్మ గారిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు గుంటూరు తీసుకెళ్లడం అతనికి ఖాయమైన కిరాయి. సీటు ఎత్తుగా ఉండటంతో ఆమె మోకాళ్లకు ఆ బండే సుఖం. నిరుడు అందులో కాయలు వేస్తే నెలరోజులు ఏసీలోంచి ఘాటు కొట్టింది. ఆమె దగ్గలేక అల్లాడింది. ఇంకెప్పుడూ వేయనని బుల్లయ్య మాటిచ్చాడు.

మొన్న సాయంత్రం కల్లంలో కాయలుండగా మబ్బు కమ్మింది. ట్రాక్టర్ ఒక్కటీ దొరకలేదు.

"ఏం చూస్తున్నావయ్యా? సీటు మడువు!" అని భార్య పేరమ్మ అరిచింది.

మడిచాడు. మూడు విడతల్లో తొమ్మిది బస్తాలు ఇల్లు చేర్చి, తర్వాత బండంతా కడిగాడు.

మర్నాడు ఏసీ వేయగానే సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్ని బస్తాలురా?"

"తొమ్మిదమ్మా."

"తడవలేదుగా?"

"లేదండి."

"పోన్లే. నేనైనా అదే చేసేదాన్ని." దగ్గు ఆగాక మళ్లీ అంది. "ఎల్లుండి నుంచి రాకు. మావాడు ఆటో మాట్లాడతాడు."

"ఆటోలో మీ మోకాళ్లు..."

"ముందు ఊపిరి ఆడాలి కదరా."

బుల్లయ్య ఏసీ ఆపి, అద్దాలు నాలుగూ దించాడు.